పాత ట్యూనర్ డ్రైవర్‌కు కొత్త డిజిటల్ టీవీ స్టాండర్డ్ నేర్పడం ఎలా: అనంతపురం మిద్దె మీద చేసి చూసిన పద్ధతి

లాప్‌టాప్‌కు ట్యూనర్ తగిలించి లినక్స్‌లో టీవీ చూసేవాళ్ళకు ఏదో ఒక రోజు ఈ తలనొప్పి తప్పదు. నిన్నటిదాకా వచ్చిన చానెల్ ఇవాళ రాదు, డిష్ కదల్లేదు, కేబుల్ బాగానే ఉంది, పక్కింటి సెట్‌టాప్ బాక్సులో అదే చానెల్ శుభ్రంగా ఆడుతోంది. ప్రసారం డీవీబీ-ఎస్ (పాత శాటిలైట్ టీవీ స్టాండర్డ్, కింద ఎస్ అంటాను) నుంచి డీవీబీ-ఎస్2కు (దాని రెండో తరం, కింద ఎస్2) మారింది, మన డ్రైవర్ మారలేదు. అప్పుడు చాలామంది ట్యూనర్ పక్కన పడేసి కొత్తది కొంటారు. కొనే ముందు ఒక వారం ఆగండి. సి భాష చదవడం వచ్చి, కెర్నల్ మాడ్యూల్ ఒక్కసారైనా కంపైల్ చేసి ఉంటే ఈ పని మీ చేతిలోదే. ఇలా పక్కన పడేసినవాటిలో కొన్నింటి చిప్పుకు కొత్త స్టాండర్డ్ ముందే తెలుసు, దాన్ని అడిగే నాలుగు లైన్లు డ్రైవర్లో లేవు, అంతే.

హంద్రీ-నీవా కాలవలో నీళ్ళు వదిలారని తెలిసి కూడా మన ఊరికి రాకపోతే ఏం చేస్తాం? పైనుంచి ఒక్కో తూము చూసుకుంటూ వస్తాం, ఎక్కడ ఆగాయో తేలేదాకా. ఇక్కడా అదే పద్ధతి. సిగ్నల్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండే చిన్న రిసీవర్) నుంచి కావాల్సిన ఫ్రీక్వెన్సీ ఎంచుకునే ట్యూనర్ చిప్పుకు, అక్కడ నుంచి సిగ్నల్‌ను డేటాగా మార్చే డీమాడ్యులేటర్‌కు (దీన్నే అందరం డీమాడ్ అంటాం), దాని నుంచి ఆ డేటాను లాప్‌టాప్‌కు పంపే యూఎస్‌బీ బ్రిడ్జికి, ఆ తర్వాత కెర్నల్లోకి వస్తుంది. మీరూ అదే వరుసలో నడవండి. మధ్యలో దూకి ఏదో ఒక రిజిస్టర్ (చిప్పు లోపలి సెట్టింగ్ గడి) మార్చి చూద్దాం అనుకుంటే వారాలు పోతాయి.

మొదట చిప్పు ఏదో కళ్ళతో చూడండి. పెట్టె మీద రాసింది నమ్మొద్దు, లిస్టులో ఉన్న యూఎస్‌బీ ఐడీని కూడా పూర్తిగా నమ్మొద్దు. నేను ఆన్‌లైన్‌లో ఒక టీ2 (డీవీబీ-టీ2, అంటే మామూలు యాంటెనాతో పట్టే టెరెస్ట్రియల్ టీవీ రెండో తరం స్టాండర్డ్) స్టిక్ తీసుకుని, అది బాగుందని ఆరు నెలల తర్వాత ఇక్కడి జేఎన్‌టీయూలో చదివే మా తమ్ముడి కోసం అదే పేరుతో, అదే పెట్టెలో ఇంకోటి తెప్పించాను. నాది పనిచేస్తోంది, వాడిది ఫ్రంట్‌ఎండ్ (ట్యూనర్, డీమాడ్ కలిపి కెర్నల్ పిలిచే పేరు) దగ్గరే ఆగిపోతోంది. రెండు రాత్రులు కోడ్‌లో వెతికి, చివరికి గోటితో ప్లాస్టిక్ అంచు విప్పి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూస్తే లోపల డీమాడ్ చిప్పే వేరు. యూఎస్‌బీ ఐడీ మాత్రం రెండింటికీ ఒకటే. అప్పటి నుంచి నేను ఏ ట్యూనర్ అయినా ముందు విప్పి, చిప్పుల మీది అక్షరాలు ఫొటో తీసుకుని, ఆ తర్వాతే కోడ్ తెరుస్తాను. అక్షరాలు కనిపించకపోతే కొంచెం స్పిరిట్ దూదితో తుడవండి, టార్చ్ నేరుగా కాకుండా పక్క నుంచి వేయండి.

చిప్పు పేరు తెలిశాక ఒకటే ప్రశ్న: ఈ సిలికాన్‌కు కొత్త స్టాండర్డ్ వచ్చా, రాదా? ఎస్‌టీవీ0299 లాంటి పాత డీమాడ్ డీవీబీ-ఎస్ మాత్రమే చేస్తుంది, దానికి ఎంత గొప్ప డ్రైవర్ రాసినా ఎస్2 రాదు. ఎందుకంటే ఎస్2లో తప్పులు సరిదిద్దే పద్ధతే వేరు. పాతదాంట్లో విటెర్బీ, రీడ్-సాలమన్ ఉండేవి, కొత్తదాంట్లో ఎల్‌డీపీసీ, బీసీహెచ్ వచ్చాయి. ఆ లెక్కంతా చిప్పులోనే జరగాలి. అదే ఎం88డీఎస్3103 అయితే రెండూ చేస్తుంది. టెరెస్ట్రియల్ వైపు చూస్తే ఆర్‌టీఎల్2832యూ ఒక్కటే ఉన్న స్టిక్‌కు టీ2 రాదు, కానీ దాని చెల్లెలు ఆర్‌టీఎల్2832పీకి బయట నుంచి ఇంకో డీమాడ్‌ను కలుపుకునే దారి ఉంది, తయారుచేసినవాళ్ళు దాని పక్కన ఎంఎన్88472 గానీ ఎంఎన్88473 గానీ పెట్టి టీ2 తెచ్చారు. ఈ రెండింటినీ కెర్నల్ ఎలా వేరు చేస్తుందో చూడటం మంచి పాఠం: ఆర్‌టీఎల్28ఎక్స్‌ఎక్స్‌యూ అనే డ్రైవర్ ఫైల్లో ఐ2సీ (చిప్పులు మాట్లాడుకునే రెండు తీగల దారి) మీద ఎఫ్‌ఎఫ్ రిజిస్టర్ చదువుతారు, 2 వస్తే ఎంఎన్88472, 3 వస్తే ఎంఎన్88473. యూఎస్‌బీ ఐడీ ఒకటే ఉన్నప్పుడు ఇలా చిప్పునే అడగాలి. ఫిన్లాండ్‌కు చెందిన ఆంట్టి పలోసారి రాసిన ఇలాంటి డ్రైవర్లు కెర్నల్లో చాలా ఉన్నాయి, శుభ్రంగా ఉంటాయి, వాటిని చదివే నేను ఈ పని నేర్చుకున్నాను.

రెండో తూము కెర్నల్. మీక్కావాల్సిన స్టాండర్డ్ పేరు కెర్నల్‌కు తెలుసా? ఎస్2 కోసం తెచ్చిన కొత్త ఏపీఐ 2008 చివర్లో 2.6.28 కెర్నల్‌తో వచ్చింది, టీ2 ఆ తర్వాత కొన్నేళ్ళకు చేరింది, ఎస్2ఎక్స్ (ఎస్2కు పొడిగింపు), సీ2లకు (కేబుల్ టీవీ రెండో తరం) కావాల్సిన మాడ్యులేషన్ విలువలు 2023లో చేర్చారు. ఫ్రంట్‌ఎండ్ హెడర్ ఫైల్ తెరిచి డెలివరీ సిస్టమ్ (స్టాండర్డ్‌ను కెర్నల్ పిలిచే పేరు) జాబితా చూడండి. మీది అందులో ఉంటే హెడర్ జోలికి పోవద్దు. లేకపోతే మాత్రమే కొత్త పేరు చేర్చాలి, అదీ జాబితా చివర్లోనే. మధ్యలో చేరిస్తే ఆ తర్వాత ఉన్నవాటి అంకెలన్నీ ఒకటి జరుగుతాయి, పాత కెర్నల్ చూసి కంపైల్ చేసిన ప్రతి ప్లేయర్ తప్పు స్టాండర్డ్ అడగడం మొదలుపెడుతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ వేరేవాళ్ళ ఇళ్ళల్లో టీవీలు ఆగిపోతాయి, జాగ్రత్త.

ఇప్పుడు పరీక్షకు సిగ్నల్ కావాలి. కోడ్ అలవాటు కావడానికి అసలు హార్డ్‌వేరే అక్కర్లేదు, కెర్నల్ 5.10 నుంచి విడ్‌టీవీ అనే ఉత్తుత్తి డ్రైవర్ ఉంది, ట్యూనర్, డీమాడ్, బ్రిడ్జి మూడూ సాఫ్ట్‌వేర్‌లోనే. ముందు దాన్ని లోడ్ చేసి, అందులో ఒక ప్రింట్ లైన్ చేర్చి, ఛానెల్ మార్చినప్పుడు ఏ ఫంక్షన్ తర్వాత ఏది నడుస్తుందో ఒక సాయంత్రం చూడండి. నా మాట వినండి, ఈ ఒక్క సాయంత్రం తర్వాత చాలా రోజుల టెన్షన్ తగ్గుతుంది.

నిజమైన సిగ్నల్ విషయానికొస్తే, మన వైపు టెరెస్ట్రియల్ టీ2 కష్టం. దూరదర్శన్ 2016లో 16 నగరాల్లో టీ2 మొదలుపెట్టింది, బెంగళూరు అందులో ఒకటి, మనకు రెండు వందల కిలోమీటర్ల పైనే. అందుకే కర్నూలు, అనంతపురం, కడపల్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఫ్రీ డిష్‌తో మొదలుపెట్టమనే. దాని శాటిలైట్ జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు. పాత ఎస్, కొత్త ఎస్2 ట్రాన్స్‌పాండర్లు (ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద చానెళ్ళ గుంపును పంపే శాటిలైట్ భాగాలు) రెండూ ఒకే డిష్‌కు దొరకడం డ్రైవర్ రాసేవాళ్ళకు పెద్ద వరం. అనంతపురం నుంచి డిష్ ఆగ్నేయంగా, ఉత్తరం నుంచి లెక్కేస్తే సుమారు 132 డిగ్రీలు, పైకి సుమారు 65 డిగ్రీలు చూడాలి. కర్నూల్లో సుమారు మూడు డిగ్రీల దాకా తేడా. ఆషాఢం గాలి మొదలయ్యాక మాత్రం కాలు బిగించిన నట్లు రోజూ ఒకసారి చూసుకోండి, మా మిద్దె మీద ఒకసారి గాలికి డిష్ ఒక వేలెడు జరిగితే ఆ తప్పు డ్రైవర్లో వెతుక్కుంటూ కూర్చున్నాను. పక్కన ఒక మామూలు సెట్‌టాప్ బాక్సు పెట్టుకోండి. అందులో వస్తేనే మీ డ్రైవర్ మీద అనుమానపడాలి.

సోర్స్ తెచ్చుకోవడం, కంపైల్ చేయడం తెలిసిన పనే కాబట్టి రెండు మాటలే. మీరు నడుపుతున్న కెర్నల్ వెర్షన్ సోర్సే తీసుకోండి, మీడియా ఫోల్డర్ ఒక్కటే కట్టండి, మొత్తం కెర్నల్ కట్టాల్సిన పనిలేదు. మాడ్యూల్ లోడ్ చేస్తే కీ తిరస్కరించారని వస్తే అది మీ కోడ్ తప్పు కాదు, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది, మాడ్యూల్‌కు సంతకం చేయండి లేదా పరీక్ష జరిగినన్ని రోజులు దాన్ని ఆపేయండి. పాత మాడ్యూల్ దించకుండా కొత్తది ఎక్కించి "ఏమీ మారలేదే" అనుకోవడం అందరికీ జరిగేదే, అందుకే ప్రతిసారీ లాగ్‌లో మీ సొంత ప్రింట్ లైన్ కనిపించిందో లేదో చూసుకోండి.

ఇక డీమాడ్ డ్రైవర్ ఫైల్ తెరవండి. అందులో ఫ్రంట్‌ఎండ్ ఆప్స్ అనే స్ట్రక్చర్ మామూలుగా చివర్లో ఉంటుంది, దాంట్లో డెల్‌సిస్ అనే జాబితా. ఎస్ ఒక్కటే ఉంటే పక్కన ఎస్2 చేర్చండి. కింద ఉన్న సామర్థ్యాల జాబితాలో రెండో తరం మాడ్యులేషన్ వచ్చని చెప్పే జెండా కూడా పెట్టండి, డెల్‌సిస్ జాబితా అడగడం రాని పాత ప్లేయర్లు దాన్ని చూసే ఎస్2 అడుగుతాయి. ఇంతే చేసి కంపైల్ చేసి, డీవీబీ-ఎఫ్‌ఈ-టూల్‌తో చూస్తే మీ ట్యూనర్ ఇప్పుడు ఎస్2 కూడా వచ్చని చెబుతుంది. చెబుతుంది కానీ చేయదు. ఇక్కడే ఆగి, పనైపోయిందని వేరేవాళ్ళకు పంపినవాళ్ళు ఉన్నారు, అలా చేయొద్దు.

అక్కడే యూనిట్ల గొడవ ఒకటి ఉంది. శాటిలైట్‌కు ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లో వస్తుంది, టెరెస్ట్రియల్‌కు, కేబుల్‌కు హెర్ట్జ్‌లో. దానికి తోడు 2018లో వచ్చిన 4.19 కెర్నల్ నుంచి డ్రైవర్ సమాచారంలోని కనిష్ఠ, గరిష్ఠ హద్దులన్నీ హెర్ట్జ్‌లోకి మార్చారు, ట్యూన్ చేసేటప్పుడు వచ్చే శాటిలైట్ విలువ మాత్రం కిలోహెర్ట్జ్‌లోనే ఉండిపోయింది. ఉదాహరణకు 11090 మెగాహెర్ట్జ్ వర్టికల్, సింబల్ రేట్ (సెకనుకు పంపే సంకేతాల సంఖ్య, వేలల్లో) 29500 అనుకోండి. ఎల్‌ఎన్‌బీ లోపలి ఆసిలేటర్ 9750, తీసేస్తే 1340 మెగాహెర్ట్జ్. అంటే డ్రైవర్‌కు 1340000 అందాలి. ఆ అంకెను ప్రింట్ చేసి కళ్ళారా చూడండి. నేను పాత డ్రైవర్ కొత్త కెర్నల్‌కు తెచ్చినప్పుడు హద్దులను కిలోహెర్ట్జ్‌లోనే వదిలేశాను, ప్రతి ట్యూనింగూ హద్దు దాటిందని తిరిగొచ్చేసేది, లాగ్ సరిగా చదవకుండా ఆ రాత్రంతా ఎల్‌ఎన్‌బీ వోల్టేజీ కొలుస్తూ కూర్చున్నాను. వోల్టేజీ గురించి చెప్పాను కాబట్టి: వర్టికల్‌కు 13, హారిజాంటల్‌కు 18 వోల్టులు, 11700 మెగాహెర్ట్జ్ పైన బ్యాండ్ కావాలంటే 22 కిలోహెర్ట్జ్ టోన్. ఇవి మల్టీమీటర్‌తో, లాగ్‌తో సరిచూసుకున్నాక మళ్ళీ వాటి జోలికి పోనక్కర్లేదు.

అసలు పని సెట్-ఫ్రంట్‌ఎండ్ ఫంక్షన్లో. ఎం88డీఎస్3103 డ్రైవర్ తెరిచి చూడండి, ఎస్‌కు ఒక రిజిస్టర్ టేబుల్, ఎస్2కు ఇంకో టేబుల్, డెలివరీ సిస్టమ్ మారినప్పుడల్లా తగిన టేబుల్ మొత్తం చిప్పులోకి రాస్తారు. మీరు కూడా ఇదే చేయాలి. కొత్త స్టాండర్డ్‌కు విడిగా టేబుల్ పెట్టండి, పాత టేబుల్లో మధ్య మధ్యన షరతులు ఇరికించొద్దు, మూడు నెలల తర్వాత మీకే అర్థం కాదు. విలువలు ఎక్కడ నుంచి తేవాలి అంటారా, డేటాషీట్ దొరికితే అదృష్టం. దొరకకపోతే అదే చిప్పుకు జీపీఎల్ (ఓపెన్ సోర్స్ లైసెన్స్) కింద విడుదలైన వేరే కోడ్ ఉందేమో చూడండి, అదీ లేకపోతే విండోస్ డ్రైవర్ నడుస్తున్నప్పుడు యూఎస్‌బీ ట్రాఫిక్ పట్టి, ఎస్ ట్యూన్ చేసినప్పుడు, ఎస్2 ట్యూన్ చేసినప్పుడు వెళ్ళిన ఐ2సీ రాతలు పక్కపక్కన పెట్టి తేడా చూడండి. ఓపిక కావాలి కానీ రెండు మూడుసార్లు అదే ట్రాన్స్‌పాండర్ ట్యూన్ చేస్తే ఏది మారుతోంది, ఏది మారట్లేదు అనేది తేలిపోతుంది.

కొత్త స్టాండర్డ్‌తో కొత్త పారామీటర్లు కూడా వస్తాయి. ఎస్‌లో రోల్-ఆఫ్ (సిగ్నల్ అంచులు ఎంత ఏటవాలుగా తగ్గుతాయో చెప్పే అంకె) 0.35 ఒక్కటే. ఎస్2లో 0.35, 0.25, 0.20 మూడు. పైలట్ (చిప్పు సిగ్నల్ పట్టుకోవడానికి సాయంగా మధ్యలో పంపే గుర్తులు) ఉందా లేదా అన్నది ఇంకోటి, మాడ్యులేషన్ క్యూపీఎస్‌కే (సంకేతానికి రెండు బిట్లు) కావచ్చు, 8పీఎస్‌కే (మూడు బిట్లు) కావచ్చు. టీ2లో అయితే ఒకే ఫ్రీక్వెన్సీ లోపల పీఎల్‌పీ పేరుతో వేర్వేరు పైపులు ఉంటాయి, ఏ పైపు కావాలో స్ట్రీమ్ ఐడీ ద్వారా వస్తుంది, దాన్ని పట్టించుకోకపోతే కొన్ని ఊళ్ళల్లో పనిచేసి కొన్ని ఊళ్ళల్లో ఖాళీ తెర వస్తుంది. టీ2కు లాక్ కావడానికి, అంటే చిప్పు సిగ్నల్‌ను పట్టుకోవడానికి, సమయం కూడా ఎక్కువ పడుతుంది. ఎస్‌ఐ2168 అనే టీ2 డీమాడ్ డ్రైవర్లో కనీస ఎదురుచూపు 900 మిల్లీసెకన్లు పెట్టారు, ఊరికే పెట్టలేదు. అది తక్కువ పెడితే చిప్పు లాక్ అయ్యేలోపే కెర్నల్ మళ్ళీ మొదటి నుంచి ట్యూన్ చేయమంటుంది, అలా తిరుగుతూనే ఉంటుంది. ఎస్‌ఐ2168కు ఫర్మ్‌వేర్ ఫైల్ కూడా సరైన రివిజన్‌ది కావాలి, లాగ్‌లో బీ40 అని వస్తే బీ40ది, ఏ30 అని వస్తే ఏ30ది.

తర్వాత రీడ్-స్టేటస్. లాక్ ఎక్కడ చదవాలో స్టాండర్డ్‌ను బట్టి మారుతుంది. ఇందాకటి ఎం88డీఎస్3103లోనే చూడండి, ఎస్‌లో డీ1 రిజిస్టర్ చదివి చివరి మూడు బిట్లూ 1 అయితే లాక్ అంటారు, ఎస్2లో 0డీ రిజిస్టర్ చదివి 8ఎఫ్ మాస్క్‌తో చూస్తారు. ఎస్2లో ఉండి కూడా ఎస్ రిజిస్టరే చదివితే, చిప్పు బంగారంలా లాక్ అయి కూర్చున్నా మీ డ్రైవర్ లేదు లేదంటుంది, కెర్నల్ దాన్ని మళ్ళీ కదిలిస్తుంది. మా తమ్ముడు, నేను పొద్దున ఐదున్నరకు మిద్దె మీద, ఎండ రాకముందే, లాప్‌టాప్ నీళ్ళ ట్యాంకు గట్టు మీద పెట్టుకుని ప్రతి రెండు సెకన్లకు ఆ రిజిస్టర్ ప్రింట్ చేసి చూస్తున్నాం. ఎస్‌లో 7, 7, 7 వచ్చింది. ఎస్2కు మారగానే 0, 1, 0, 1. సరైన రిజిస్టర్ పెట్టాక ఒక్కసారి 8ఎఫ్ వచ్చి అక్కడే నిలబడింది. వాడు కిందికి పరిగెత్తి అమ్మను లేపుకొచ్చాడు. స్టేటస్ బిట్లలో విటెర్బీ అనే పేరు చూసి ఎస్2కు వర్తించదని వదిలేయొద్దు, ఎర్రర్ కరెక్షన్ నిలకడగా ఉందన్న అర్థంతో దాన్నీ పెట్టాలి.

లాక్ వచ్చాక సంతోషపడండి కానీ టీవీ ముందు కూర్చోవద్దు. అన్నిటికంటే ఎక్కువమంది చిక్కుకునేది ఆ తర్వాతే. లాక్ ఉంటుంది, సిగ్నల్ నాణ్యత బాగుంటుంది, బొమ్మ మాత్రం గళ్ళు గళ్ళుగా పగిలిపోతుంది. డిష్ మెకానిక్‌ను పిలిస్తే ఆయన మీటర్ పెట్టి చూసి అంతా బాగుందని వెళ్ళిపోతాడు, ఆయన చెప్పింది నిజమే. లెక్క వేసుకుందాం. సింబల్ రేట్ 29500, క్యూపీఎస్‌కే, ఎఫ్‌ఈసీ (పంపే బిట్లలో అసలు డేటా వాటా) 3/4 ఉన్న ఎస్ ట్రాన్స్‌పాండర్ సెకనుకు సుమారు 41 మెగాబిట్లు మోస్తుంది. అదే సింబల్ రేట్‌తో ఎస్2, 8పీఎస్‌కే, 2/3 అయితే 58 దాటుతుంది. డీమాడ్ నుంచి బ్రిడ్జికి వెళ్ళే తీగల మీద దాదాపు ఒకటిన్నర రెట్లు డేటా అన్నమాట. ఎనిమిది తీగల పారలల్ పద్ధతి అయితే గడియారం (తీగల మీద డేటా వేగాన్ని నడిపే క్లాక్) 7.3 మెగాహెర్ట్జ్ ఉంటే చాలు, ఒకే తీగ సీరియల్ పద్ధతిలో అయితే 58 మెగాహెర్ట్జ్ పైన కావాలి. పాత డ్రైవర్లో ఎస్‌కు సరిపోయేలా పెట్టిన గడియారం అలాగే వదిలేస్తే డేటా పొంగి పోతుంది.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఈ పరీక్ష చేయండి. డీవీబీవీ5-జ్యాప్‌తో ట్రాన్స్‌పాండర్ మొత్తాన్ని, ఖాళీ ప్యాకెట్లతో సహా, సరిగ్గా ఒక నిమిషం ఫైల్‌లోకి రికార్డు చేయండి. పైన చెప్పిన ఎస్‌కు సుమారు 306 మెగాబైట్లు, ఎస్2కు సుమారు 438 మెగాబైట్లు రావాలి. మాకు మొదటిసారి ఎస్2 ఫైల్ 390 దగ్గర ఆగింది, రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. గాలి వల్ల, వాన వల్ల పోయే డేటా ఇలా ప్రతిసారీ ఒకే అంకె దగ్గర ఆగదు. తర్వాత డీమాడ్ సరిచేయలేకపోయిన బ్లాకుల లెక్క చూడండి. అది పెరుగుతుంటే తప్పు డిష్‌ది లేదా టేబుల్‌ది. అది సున్నా దగ్గరే ఉండి, ఫైల్‌లో మాత్రం ప్యాకెట్ల వరుస సంఖ్య తెగుతుంటే తప్పు డీమాడ్ తర్వాత, అంటే తీగల గడియారం గానీ యూఎస్‌బీ గానీ. ప్రతి ప్యాకెట్ 188 బైట్లు, మొదటి బైట్ హెక్స్‌లో 47, నాలుగో బైట్లో 0 నుంచి 15 దాకా తిరిగే సంఖ్య ఉంటుంది, చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో తెగిన చోట్లు లెక్కపెట్టొచ్చు. మాకు గడియారం పెంచగానే 438 వచ్చింది, కానీ వందల చోట్ల 47 ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. గడియారం అంచు తిరగేసే సెట్టింగ్ మార్చాక పోయింది. తక్కువ వేగంలో ఏ అంచు మీద చదివినా నడిచిపోతుంది, వేగం పెరిగాకే తప్పు అంచు బయటపడుతుంది.

ఇది కూడా సరిగా ఉండి డేటా పోతుంటే యూఎస్‌బీ బఫర్లు చూడండి. ఆర్‌టీఎల్28ఎక్స్‌ఎక్స్‌యూలో ఆరు బఫర్లు, ఒక్కోటి 4096 బైట్లు. లాప్‌టాప్ బిజీగా ఉన్నప్పుడు మాత్రమే గళ్ళు వస్తుంటే బఫర్ సైజు పెంచి చూడండి. హబ్ తీసేసి నేరుగా పోర్టుకు పెట్టి చూడటం దానికంటే ముందే చేయాలి.

అంతా నడిచాక పాత స్టాండర్డ్‌ను మళ్ళీ పరీక్షించండి. ఎస్ నుంచి ఎస్2కు, ఎస్2 నుంచి ఎస్‌కు కనీసం యాభైసార్లు మార్చే స్క్రిప్ట్ రాసి రాత్రి వదిలేయండి, లాప్‌టాప్ నిద్రపోయి లేచాక కూడా ఒకసారి చూడండి. మీకు ఎస్2 కావాలి కానీ ఇంకెవరో కడపలోనో ఆదోనిలోనో అదే చిప్పుతో పాత చానెల్ చూస్తుంటారు, వాళ్ళది ఆగిపోకూడదు. ఆ తర్వాత మార్పులను ముక్కలుగా విడగొట్టండి, రిజిస్టర్ టేబుల్ ఒక ప్యాచ్, లాక్ చదవడం ఒకటి, గడియారం ఒకటి. చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ నడిపి, ఎవరికి పంపాలో గెట్-మెయింటైనర్ స్క్రిప్ట్‌ను అడిగి, మీ అసలు పేరుతో సైన్డ్-ఆఫ్ లైన్ పెట్టి లినక్స్ మీడియా వాళ్ళకు పంపండి. ప్యాచ్ వివరణలో చిప్పు మీద చదివిన అక్షరాలు, ఏ ట్రాన్స్‌పాండర్ మీద చూశారు, నిమిషం ఫైల్ ఎన్ని మెగాబైట్లు వచ్చింది అనేవి తప్పకుండా రాయండి. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు, వచ్చినప్పుడు మార్పులు అడుగుతారు, అడిగినవి చేసి రెండో వెర్షన్ పంపండి. ఆ లోపు డిష్ మాత్రం విప్పొద్దు, ఒకసారి మళ్ళీ చూసి చెప్పమని తప్పకుండా అడుగుతారు.